లక్షలు పోసి కొన్న వాచ్ టైమ్ తప్పుతోందా..? ఎన్ని సెకన్ల తేడా మామూలు.. రిపేర్‌కు ఎప్పుడు ఇవ్వాలి?

లక్షలు పెట్టి స్విస్ మెకానికల్ వాచ్ కొన్నారు. షోరూమ్‌లోనే ఫోన్ చూసి సెకన్లతో సహా టైమ్ పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి చూస్తే.. వాచ్ రెండు నిమిషాలు ముందుంది! ఇంట్లో గోడకు వేలాడుతున్న 300 రూపాయల బ్యాటరీ గడియారం మాత్రం దాదాపు కరెక్ట్ టైమే చూపిస్తోంది.

ఎవరికైనా ముందు వచ్చే అనుమానం ఒక్కటే.. మోసపోయామా? డూప్లికేట్ అంటగట్టారా? లేక వాచ్‌లో ఏదైనా లోపం ఉందా?

చాలా సందర్భాల్లో ఈ మూడూ కాదు. రోలెక్స్, ఒమేగా, గ్రాండ్ సీకో.. ఏ కంపెనీ మెకానికల్ వాచ్ అయినా రోజుకు కొన్ని సెకన్లు అటూఇటూ అవుతుంది. ఆ మాట కంపెనీలే చెబుతాయి. అయితే ఎంత తేడా మామూలు, ఎక్కడి నుంచి లోపం కింద లెక్క అనేది తెలియకపోతే రెండు రకాలుగా నష్టం. ఏ సమస్యా లేని వాచ్‌ను అనవసరంగా విప్పించి డబ్బులు పోగొట్టుకోవచ్చు. లేదంటే నిజంగా రిపేర్ చేయించాల్సిన వాచ్‌ను పట్టించుకోక లోపలి పార్టులు అరిగిపోయేదాకా వాడేయొచ్చు. ఆ గీత ఎక్కడుందో చూద్దాం.

5 సెకన్ల తేడా అంటే నిజానికి ఎంత?

రోజుకు 86,400 సెకన్లు. అందులో వాచ్ 5 సెకన్లు తప్పిందంటే తేడా 0.006 శాతం కూడా లేదు. అంటే 99.99 శాతానికి పైగా కరెక్టే.

బ్యాటరీ లేదు, చిప్ లేదు. ఉన్నవల్లా పళ్ల చక్రాలు, స్ప్రింగులు, స్క్రూలు, చుక్కల్లో వేసే నూనె. వాటితోనే ఈ స్థాయి అంటే చిన్న విషయం కాదు. కాకపోతే ఆ 0.006 శాతమే రోజూ పోగవుతుంది. రోజుకు 4 సెకన్ల చొప్పున ముందుకు వెళ్లే వాచ్ 30 రోజుల్లో 120 సెకన్లు, అంటే రెండు నిమిషాలు ముందుంటుంది. పైన చెప్పిన వాచ్ కథ ఇదే.

లోపల ఏం జరుగుతుంది?

వాచ్‌కి కీ ఇస్తే లోపల మెయిన్‌స్ప్రింగ్ చుట్టుకుంటుంది. ఆటోమేటిక్ వాచ్‌లో చెయ్యి కదిలినప్పుడల్లా ఒక బరువైన రోటర్ తిరిగి ఆ పని చేస్తుంది. చుట్టుకున్న స్ప్రింగ్ మెల్లగా విప్పుకుంటూ చక్రాలను తిప్పుతుంది.

అడ్డు లేకపోతే స్ప్రింగ్ మొత్తం ఒక్కసారిగా విప్పుకుపోయి ముళ్లు గిర్రున తిరిగేస్తాయి. ఆ వేగాన్ని అదుపు చేసేది బ్యాలెన్స్ వీల్. వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ సాయంతో ఈ చిన్న చక్రం ఊయలలా అటూఇటూ ఊగుతుంది. అది ఊగిన ప్రతిసారీ ఎస్కేప్‌మెంట్ అనే భాగం ఒక్కో పన్ను చొప్పున చక్రాన్ని వదులుతుంది. మనకు వినిపించే టిక్ టిక్ శబ్దం ఇదే.

ఇప్పటి వాచ్‌ల్లో ఎక్కువ వాటికి గంటకు 28,800 బీట్లు. అంటే సెకనుకు 8, రోజుకు 6,91,200. ఏడాదికి 25 కోట్లు దాటుతుంది. రోజుకు 5 సెకన్ల తేడా రావాలంటే దాదాపు 7 లక్షల బీట్లలో 40 బీట్ల తేడా వస్తే చాలు.

మరి చవక వాచ్ ఎలా గెలుస్తోంది?

క్వార్ట్జ్ వాచ్‌లో ఊగే చక్రం ఉండదు. దాని బదులు చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. బ్యాటరీ కరెంట్ తగలగానే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను సర్క్యూట్ వరుసగా 15 సార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒక పల్స్ వస్తుంది. ఆ పల్స్‌తోనే ముల్లు కదులుతుంది.

మెకానికల్ వాచ్‌లో బ్యాలెన్స్ వీల్ సెకనుకు 4 సార్లు వెళ్లి వస్తే, ఇక్కడ స్ఫటికం 32 వేల సార్లకు పైగా కంపిస్తోంది. చేతి కుదుపులకు, భూమి ఆకర్షణకు స్ఫటికం దాదాపు లొంగదు. అందుకే మామూలు క్వార్ట్జ్ వాచ్ నెలకు 15 సెకన్లకు మించి తప్పదు. మంచి మెకానికల్ వాచ్ అంతే తేడాను మూడు నాలుగు రోజుల్లో చూపించేస్తుంది.

ఈ తేడా ఒకప్పుడు స్విట్జర్లాండ్‌ను కుదిపేసింది. ప్రపంచంలో తొలి క్వార్ట్జ్ చేతి వాచ్ సీకో ఆస్ట్రాన్‌ను జపాన్ 1969 డిసెంబర్ 25న మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పట్లో దాని ధర 4,50,000 యెన్లు. తర్వాత క్వార్ట్జ్ ధరలు పడిపోతూ వచ్చాయి. 1970లో స్విస్ వాచ్ పరిశ్రమలో దాదాపు 90 వేల మంది పనిచేసేవాళ్లు. 1980ల మధ్యకు వచ్చేసరికి వాళ్ల సంఖ్య 30 వేలకు కాస్త పైకి పడిపోయింది. టైమ్ చూపించడమే పని అయితే మెకానికల్ వాచ్ ఆ రోజే ఓడిపోయింది. ఇప్పుడు అది అమ్ముడవుతోంది పనితనానికి, పేరుకు, తరతరాలు నిలుస్తుందన్న నమ్మకానికి.

టైమ్ తప్పడానికి 5 కారణాలు

1. వాచ్ ఏ వైపు ఉందన్నది: డయల్ పైకి పెట్టినప్పుడు ఒక వేగం, నిలువుగా ఉన్నప్పుడు ఇంకో వేగం. భూమి ఆకర్షణ, రాపిడి రెండూ మారతాయి కాబట్టి ఈ తేడా తప్పదు. జేబు గడియారాల్లో ఈ సమస్యను తగ్గించడానికే అబ్రహాం లూయీ బ్రెగె 1801లో టూర్‌బియాన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అందులో బ్యాలెన్స్ వీల్‌తో పాటు ఎస్కేప్‌మెంట్ మొత్తం తన చుట్టూ తాను తిరుగుతుంది.

2. వేడి, చలి: వేడికి లోహం సాగుతుంది, స్ప్రింగ్ పట్టు మారుతుంది. పాతకాలం వాచ్‌లకు ఇదే పెద్ద తలనొప్పి. ఉష్ణోగ్రత మారినా పెద్దగా మారని నికెల్ ఉక్కు మిశ్రమాలను కనిపెట్టినందుకు స్విస్ శాస్త్రవేత్త చార్లెస్ ఎడ్వర్డ్ గియోమ్‌కు 1920లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ మిశ్రమాల నుంచి వచ్చిన హెయిర్‌స్ప్రింగులు వాచ్‌ల తీరునే మార్చేశాయి.

3. అయస్కాంతం: ఈ రోజుల్లో ఎక్కువ మంది కొని తెచ్చుకునే సమస్య ఇదే. ఫోన్ స్పీకర్, ల్యాప్‌టాప్, ట్యాబ్ కవర్, హ్యాండ్‌బ్యాగ్ బటన్.. అన్నిట్లోనూ మాగ్నెట్లే. హెయిర్‌స్ప్రింగ్‌కు అయస్కాంత గుణం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు స్ప్రింగ్ పొట్టిదైనట్టే పనిచేస్తుంది. వాచ్ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెడుతుంది.

4. నూనె ఎండిపోవడం: లోపల వేసిన నూనె ఏళ్లు గడిచేకొద్దీ చిక్కబడుతుంది, పక్కకు జారిపోతుంది. రాపిడి పెరిగి బ్యాలెన్స్ వీల్ ఊపు తగ్గుతుంది. టైమ్ నిలకడ తప్పుతుంది.

5. కీ అయిపోవడం: మెయిన్‌స్ప్రింగ్ నిండుగా ఉన్నప్పుడు ఒక వేగం, అయిపోవస్తున్నప్పుడు ఇంకో వేగం. ఆటోమేటిక్ వాచ్ కదా అని ఆదివారమంతా బల్ల మీద వదిలేస్తే సోమవారానికి తేడా కనిపించొచ్చు.

మన దగ్గర ఎండాకాలం రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల 45 డిగ్రీలు కొడుతుంది కదా.. వాచ్ ఏమైపోతుంది అన్న అనుమానం రావచ్చు. చేతికి ఉన్నంతసేపు ఒంటి వేడి దాన్ని ఒక స్థాయిలోనే ఉంచుతుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయడం మాత్రం మంచిది కాదు. ఆ వేడి నూనెకు, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీళ్లకు చేటు.

కంపెనీలు ఇచ్చే గ్యారంటీ ఎంత?

స్విట్జర్లాండ్‌లో వాచ్ కచ్చితత్వాన్ని పరీక్షించే స్వతంత్ర సంస్థ ఒకటుంది. పేరు సీఓఎస్‌సీ. 1973లో మొదలైంది. కేస్‌లో బిగించక ముందే వాచ్ లోపలి యంత్రాన్ని, అంటే మూవ్‌మెంట్‌ను తీసుకుని 15 రోజులు పరీక్షిస్తుంది. 5 పొజిషన్లలో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతల్లో కొలుస్తుంది. మామూలు సైజు మూవ్‌మెంట్ పాస్ కావాలంటే రోజుకు సగటున 4 సెకన్లకు మించి వెనకబడకూడదు, 6 సెకన్లకు మించి ముందుకు పోకూడదు. అలా పాసైతేనే డయల్ మీద క్రోనోమీటర్ అని రాసుకునే హక్కు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇంకోటి ఉంది. క్రోనోమీటర్ వేరు, క్రోనోగ్రాఫ్ వేరు. క్రోనోమీటర్ అంటే కచ్చితత్వ పరీక్ష పాసైన వాచ్. క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ ఉన్న వాచ్. డయల్ మీద క్రోనోగ్రాఫ్ అని ఉన్నంత మాత్రాన టైమ్ పరీక్ష పాసైనట్టు కాదు.

కొన్ని కంపెనీలు ఇంకాస్త కఠినమైన లెక్క పెట్టుకున్నాయి.

రోలెక్స్: సీఓఎస్‌సీ పాసైన మూవ్‌మెంట్‌ను కేస్‌లో బిగించాక మళ్లీ తానే పరీక్షిస్తుంది. రోజుకు 2 సెకన్లు అటూఇటూ మాత్రమే.

ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్: స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్ ఆమోదించిన పరీక్ష. రోజుకు సున్నా నుంచి 5 సెకన్లు ముందుకు వెళ్లొచ్చు, వెనకబడకూడదు. 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని కూడా తట్టుకోవాలి. యాంటీ మాగ్నెటిక్ అని చెప్పుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం అడిగేది దాదాపు 60 గాస్ మాత్రమే.

గ్రాండ్ సీకో: మామూలు మెకానికల్ మూవ్‌మెంట్లకు 17 రోజుల సొంత పరీక్ష. రోజుకు 3 సెకన్లు వెనక్కి, 5 సెకన్లు ముందుకు.

గమనించాల్సింది ఏంటంటే.. వీటిలో ఏదీ సున్నా తేడా అని మాట ఇవ్వడం లేదు. పైగా ఇవన్నీ ల్యాబ్‌లో వచ్చిన లెక్కలు. రోజూ బైక్ మీద గతుకుల రోడ్డులో తిరిగే చేతికి ఉన్న వాచ్ అదే అంకె చూపించాలని లేదు.

తేడా కంటే నిలకడ ముఖ్యం

ఇక్కడే ఉంది అసలు మెలిక. వాచ్ మంచిదా కాదా అని తేల్చేది ఎన్ని సెకన్లు తప్పిందన్నది ఒక్కటే కాదు.. రోజూ ఒకేలా తప్పుతోందా అన్నది.

రెండు వాచ్‌లు తీసుకోండి. ఒకటి రోజూ కచ్చితంగా 5 సెకన్లు ముందుకు పోతోంది. రెండోది ఒక రోజు 12 సెకన్లు ముందుకు, మర్నాడు 12 సెకన్లు వెనక్కి. నెలాఖరుకు రెండోదే కరెక్ట్‌గా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మంచి వాచ్ మొదటిదే. రోజూ 5 సెకన్లు ముందుకు పోయేదాన్ని టెక్నీషియన్ కాస్త సరిచేస్తే చాలు. రెండోదానికి లోపల ఎక్కడో జబ్బు ఉంది. సీఓఎస్‌సీ కూడా సగటుతో ఆగకుండా రోజుకూ రోజుకూ మధ్య మార్పు ఎంతో కూడా కొలిచేది అందుకే.

ఈ లెక్క విలువ ముందుగా తెలిసింది సముద్రం మీద. 1707లో ఇంగ్లండ్ పక్కన సిల్లీ దీవుల దగ్గర బ్రిటిష్ నౌకాదళ ఓడలు తామెక్కడున్నామో లెక్క తప్పి రాళ్లను ఢీకొన్నాయి. నాలుగు ఓడలు మునిగాయి. కనీసం 1,400 మంది చనిపోయారని అంచనా. నడి సముద్రంలో ఓడ ఉన్న రేఖాంశం తెలియాలంటే బయల్దేరిన ఊరి టైమ్ కచ్చితంగా తెలియాలి. గడియారం 4 నిమిషాలు తప్పితే లెక్క ఒక డిగ్రీ తప్పుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది 111 కిలోమీటర్లు. ఒక్క సెకను తప్పినా 460 మీటర్లకు పైగా తేడా. దీనికి పరిష్కారం చూపిన వాళ్లకు 20,000 పౌండ్ల వరకు బహుమతి ఇస్తామని 1714లో బ్రిటన్ పార్లమెంట్ చట్టమే చేసింది.

వడ్రంగి పని చేసే జాన్ హారిసన్ దశాబ్దాలు కష్టపడి హెచ్4 అనే గడియారం చేశాడు. 1761లో అది ఓడలో జమైకాకు బయల్దేరింది. 81 రోజుల తర్వాత చూస్తే తేడా 5.1 సెకన్లే. అయితే ఇందులో ఒక కిటుకు ఉంది. హెచ్4 రోజుకు ఎంత వెనకబడుతుందో ప్రయాణానికి ముందే కొలిచి పెట్టుకున్నారు. ఆ తేడాను లెక్కలోంచి తీసేశాక మిగిలిందే ఈ 5.1 సెకన్లు. ఆ తర్వాతి కాలంలో ఓడల మీద కూడా ఇదే పద్ధతి. గడియారం ముల్లును రోజూ ముట్టుకోరు. అది రోజుకు ఎంత తప్పుతుందో రాసుకుని లెక్కలో సరిచేసుకుంటారు. తేడా నిలకడగా ఉంటే దాంతో ప్రాణాలకు ముప్పు లేదు. నిలకడ లేని గడియారంతోనే ముప్పు.

ఇంట్లోనే చెక్ చేసుకోవడం ఎలా?

దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, 10 రోజుల ఓపిక ఉంటే చాలు.

ముందు వాచ్‌కి నిండుగా కీ ఇవ్వండి. చాలా వాచ్‌ల్లో క్రౌన్, అంటే పక్కనున్న బుడిపె బయటకు లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. ఫోన్ టైమ్‌తో సెకన్లు కలిపి నొక్కేయండి. భారత కాలమానాన్ని అటామిక్ గడియారాలతో నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. కావాలంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూపించే టైమ్‌తోనూ కలుపుకోవచ్చు.

తర్వాత రోజూ ఒకే టైమ్‌కి తేడా ఎంతో రాసుకోండి. మధ్యలో ముల్లు సరిచేయొద్దు. 10 రోజుల తర్వాత మొత్తం తేడాను 10తో భాగిస్తే సగటు వస్తుంది. రోజువారీ అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే నిలకడ ఉన్నట్టు.

ఇంకో చిట్కా. రాత్రి వాచ్‌ను డయల్ పైకి ఉండేలా పెడితే ఎంత తేడా వస్తోంది, పక్కకు నిలబెడితే ఎంత వస్తోంది అని విడిగా చూడండి. పగలు ముందుకు పోయే వాచ్ రాత్రి ఒక పొజిషన్‌లో వెనకబడుతుంటే, రోజూ అలాగే పెట్టుకోండి. పైసా ఖర్చు లేకుండా రెండూ ఒకదాన్నొకటి సర్దేస్తాయి.

షాప్‌కు ఎప్పుడు తీసుకెళ్లాలి?

వాచ్ ఉన్నట్టుండి నిమిషాల లెక్కన ముందుకు పోతుంటే ముందుగా అనుమానించాల్సింది అయస్కాంతాన్నే. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదిలిందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. డీమాగ్నెటైజర్ అనే చిన్న యంత్రంతో వాచ్ విప్పకుండానే నిమిషాల్లో తీసేస్తారు. దీనికి సర్వీసింగ్ మొత్తం చేయించాలని ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

కొన్నేళ్లుగా బాగా నడిచిన వాచ్ మెల్లగా తేడా పెంచుకుంటూ పోతుంటే, లేదా నిండుగా కీ ఇచ్చినా ముందులా ఎక్కువ సేపు నడవకపోతే అది నూనె ఎండిన సూచన. ఇలాంటప్పుడు వాయిదా వేయకూడదు. నూనె లేకుండా తిరిగితే పార్టులు అరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. చాలా కంపెనీలు 5 నుంచి 10 ఏళ్లకోసారి సర్వీసింగ్ చేయించమంటాయి.

కింద పడిన వెంటనే తేడా మొదలైతే, లేదా అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఇచ్చేయాలి.

కొత్త వాచ్ కంపెనీ చెప్పిన పరిధి దాటి తప్పుతుంటే వారంటీలోనే సరిచేయించుకోవచ్చు. అప్పుడు 10 రోజులు రాసుకున్న ఆ నోట్‌బుక్ పేజీయే సాక్ష్యంగా పనికొస్తుంది. వారంటీ ఉన్న వాచ్‌ను బయట షాపులో విప్పిస్తే మాత్రం ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. మూత తీసిన ప్రతిసారీ నీళ్లు పోకుండా ఆపే సీళ్లను కూడా మళ్లీ పరీక్షించాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు..

వాడిన లగ్జరీ వాచ్ కొనేటప్పుడు డబ్బు ఇచ్చే ముందు టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపించమని అడగాలి. ఇది వాచ్ టిక్ టిక్ శబ్దాన్ని మైక్‌తో విని రోజుకు ఎంత తేడా వస్తుందో స్క్రీన్ మీద చెప్పేస్తుంది. బ్యాలెన్స్ వీల్ ఎంత ఊగుతోందో కూడా చూపిస్తుంది. నిండుగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు అది సాధారణంగా 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. రెండు వందలకు దగ్గరపడితే సర్వీసింగ్ ఖర్చు కూడా కలుపుకుని బేరం ఆడాల్సిందే.

ఒక్క పొజిషన్‌లో మంచి అంకె చూపిస్తే సరిపోదు. డయల్ పైకి, కిందికి, నిలువుగా పెట్టి చూడాలి. ఒక్కదానిలో సున్నా, మిగతా వాటిలో 20 సెకన్లు వస్తే ఆ సున్నాను నమ్మకూడదు.

ఇళ్లలో కీ ఇచ్చే హెచ్‌ఎంటీ వాచ్‌లు ఉన్న రోజుల్లో పొద్దున్నే కీ ఇచ్చి, రేడియోలో వార్తల టైమ్‌కి ముల్లు సరిచేసుకోవడం అందరికీ అలవాటే. అప్పట్లో ఆ నిమిషం తేడాను ఎవరూ లోపం అనుకోలేదు. లక్షల వాచ్‌కైనా అదే సూత్రం. వారానికోసారి టైమ్ సరిచేసుకోవాల్సి వస్తే వాచ్ బాగున్నట్టే. నిన్న ఒకలా, ఇవాళ ఒకలా నడుస్తుంటే మాత్రం టెక్నీషియన్‌కు చూపించాల్సిందే.